సుకుమారి రాయని మాటలు

సంగారెడ్డిలో చర్చి వెనక వీధికి ఉత్తరం వచ్చిందంటే సుకుమారి చేతికి ఇవ్వందే విప్పేవారు కాదు. అరవైల్లో మాట ఇది. ఆ వీధిలో చదువు వచ్చినవాళ్లు లేకపోలేదు. పాస్టరుగారున్నారు, బడిపంతుళ్లు ఇద్దరున్నారు. కాని వాళ్లు ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చదివేసేవారు. సుకుమారి చదివితే వినబుద్ధయ్యేది.

ఆవిడ మిషన్ బోర్డింగులో మెట్రిక్ దాకా చదివింది. అక్షరం గుండ్రంగా, అచ్చులో పోసినట్టు ఉండేది. భర్త సత్యానందం పటాన్‌చెరు దగ్గర ఓ ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే మళ్లీ చీకటి పడే వేళకే రావడం. పిల్లలు లేరు. అయ్యో పాపం అని వీధివాళ్లు అనుకునేవారు గాని, ఆవిడకు అనుకునే తీరిక ఉండేది కాదు. గుమ్మం ముందు ఎవరో ఒకరు ఇన్‌లాండు కవరు పట్టుకుని కూర్చునే ఉండేవారు.

పక్కింటి నర్సింహమ్మ కొడుకు మిలటరీలో ఉండేవాడు. వాడొకసారి, "నువ్వు నా పెండ్లాన్ని సతాయిస్తున్నవని తెలిసింది, ఇగ నీ మొఖం సూడ" అని రాశాడు. సుకుమారి ఆగి, గొంతు సవరించుకుని, "అమ్మా, మీరిద్దరు కలిసిమెలిసి ఉంటె నాకు గదే సంతోషం" అని చదివింది. నర్సింహమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని ఇంటికి పోయి, ఎన్నడూ లేనిది కోడలికి తల దువ్వి జడ వేసింది. జవాబు రాసేటప్పుడు సుకుమారి తనకు తోచిన తీపి మాటలు మరో రెండు చేర్చింది. దసరాకు సెలవు మీద వచ్చిన కొడుకు తల్లి కాళ్లకు మొక్కాడు. ఇంకేం కావాలి? అబద్ధమాడకూడదని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పే మనిషే ఈవిడ. సత్యానందం ఎప్పుడైనా ఎత్తిపొడిస్తే, "నేనేం అబద్ధం చెప్పలే, జెర కారం తీసేసి చెప్పిన" అని గిన్నెలు గట్టిగా సర్దేది.

ఈ కారం తీసే అలవాటుతోనే ఆవిడ కాలేజీలో అడుగుపెట్టింది. ఊరి చివర కిరాయి భవనంలో కొత్తగా డిగ్రీ కాలేజీ పెట్టారు. కెమిస్ట్రీ ల్యాబులో సీసాలు కడగడానికి, వాటికి చీటీలు రాసి అంటించడానికి మనిషి కావాలన్నారు. చేతిరాత చూడగానే సుకుమారిని తీసుకున్నారు. నీలం అంచు తెల్లచీర, మోచేతి దాకా జాకెట్టు, వేళ్ల మీద ఎప్పుడూ పోని యాసిడ్ మచ్చలు. నాలుగేళ్లలో ఏ సీసాలో ఏముందో లెక్చరరు భీమశంకరం గారి కంటే ఆవిడకే బాగా తెలుసని పిల్లలు అనేవారు. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. నిజమే కాబట్టి ఊరుకున్నాడు.

డెబ్బయి మూడు జూలైలో కొండాపూర్ వైపు నుంచి మొగులయ్య అనే రైతు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుకు పేరు లింగం. ఏడో తరగతిలో మెదడువాపు జ్వరం వచ్చి పిల్లవాడు బతికాడు గాని రెండు చెవులూ పోయాయి. అప్పటికే చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చు కాబట్టి అవి మిగిలాయి. మాట ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరుగా వచ్చేది. స్నేహితుల నోట్సులు ఎక్కించుకుని ఎలాగో ఇంటర్ గట్టెక్కాడు. ఇప్పుడు తెలుగు మీడియంలో బీఎస్సీ చదువుతానంటున్నాడు.

ప్రిన్సిపాలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పాఠం వినపడకుంటె క్లాసుల కూసోని ఏం చేస్తడయ్యా?"

మొగులయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. లింగం ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. సంతకం కోసం స్టాకు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సుకుమారికి ఆ చూపు గుచ్చుకుంది. తన గురించి మాట్లాడుకుంటున్నారని లింగానికి తెలుసు, ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదు.

"నేను పక్కన కూసోని రాస్త సార్," అంది. అనేశాక భయపడింది కూడా.

"ల్యాబు పని?"

"పాఠం అయినంక చేస్త."

ఆ రోజుల్లో ఇలాంటి పనికి పేరు లేదు, పోస్టు లేదు, ఎలా చెయ్యాలో చెప్పేవాళ్లూ లేరు. అంతా సుకుమారి తనంతట తానే కనిపెట్టుకుంది. మొదటి రోజు లింగం ఆవిడ కుడివైపు కూర్చున్నాడు. రాసే చెయ్యి అడ్డొచ్చి అక్షరం కనపడలేదు. రెండోరోజు ఎడమవైపుకు మారాడు. సిరా పెన్నుతో రాస్తే ఆరేదాకా ఆగాల్సి వస్తోందని పెన్సిలు పట్టింది. నాలుగు పెన్సిళ్లు చెక్కి వరసగా పెట్టుకునేది. మాటిమాటికీ వచ్చే మాటలకు పొట్టి గుర్తులు పెట్టింది. భీమశంకరం గారు బోర్డు వైపు తిరిగి, వీపుతో పాఠం చెప్పే మనిషి. పెదాలు చూసి పట్టుకుందామన్నా కుదరదు. ఆయన నోట్లోంచి మాట రాగానే ఇక్కడ కాగితం మీద పడేది. లింగం కళ్లు ఆవిడ పెన్సిలు మొన వెంట పోయేవి. పాఠం అయ్యేసరికి ఆవిడ వేళ్లు కొయ్యబారిపోయేవి. నూనె రాసుకుని మరుసటిరోజు మళ్లీ వచ్చేది.

ఇంత కష్టం ఎందుకు పడిందంటే ఇష్టమై పడింది. అంతకు మించి కారణం వెతకక్కర్లేదు.

ఐతే కారం తీసే చెయ్యి ఊరికే ఉంటుందా? భీమశంకరం గారు జోకు వేస్తే, అందులో పాఠం లేదు కదా అని రాసేది కాదు. వెనక బెంచీలో వెంకటేశం అనేవాడు పిచ్చి ప్రశ్నలు వేస్తే వదిలేసేది. సారు ఎవరినైనా కడిగేస్తుంటే పెన్సిలు పక్కన పెట్టేది. క్లాసంతా గొల్లుమంటే లింగం ఆవిడ మొహంలోకి చూసేవాడు. ఆవిడ కాగితం మీద "ఏం లేదు" అని రాసేది. అందరూ నవ్వడం అయిపోతుండగా లింగం కూడా కాస్త నవ్వి ఊరుకునేవాడు. పిల్లవాడు సంతోషంగా ఉన్నాడనుకునేది సుకుమారి.

రెండో సంవత్సరం డిసెంబరులో ఒక శుక్రవారం అసలు ముప్పు వచ్చింది. భీమశంకరం గారు ప్రాక్టికల్ రికార్డులు దిద్దుకొచ్చి, లింగం రికార్డును అందరి ముందూ పైకెత్తాడు. పన్నెండు ప్రయోగాల ఫలితాలు పక్కవాడి పుస్తకంలోంచి దించేశాడని, చెవులు లేకపోతే లేకపోయాయి నిజాయితీ ఏమైందని నిలదీశాడు. సోమవారంలోగా ప్రయోగాలన్నీ మళ్లీ చేసి రాయకపోతే సంతకం పెట్టేది లేదన్నాడు. ఆ సంతకం లేనిదే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు.

సుకుమారి చెంపలు వేడెక్కాయి. పెన్సిలు కదిలింది. "రికార్డు ఇంకా బాగా రాయాలట. సోమవారం చూపించాలట."

లింగం బుద్ధిగా తల ఊపాడు. ఆదివారమంతా కూర్చుని రికార్డుకు కొత్త అట్ట వేశాడు, గీతలన్నీ ఎర్ర సిరాతో దిద్దాడు. సోమవారం పొద్దున తీసుకెళ్లి నవ్వుతూ సారు చేతిలో పెట్టాడు. ఆయన రెండు పేజీలు తిప్పి, ఇంత సిగ్గులేనితనం నేనెక్కడా చూడలేదని పుస్తకం కింద పడేశాడు. ఈసారి సుకుమారి పక్కన లేదు. వెంకటేశమే జాలిపడి, ఒక చీటీ మీద శుక్రవారం ఏం జరిగిందో, ఇప్పుడేం జరిగిందో రాసిచ్చాడు.

మధ్యాహ్నం ల్యాబులో బ్యూరెట్లు కడుగుతున్న సుకుమారి ముందు లింగం ఒక కట్ట పెట్టాడు. ఏడాదిన్నర కాగితాల్లోంచి ఏరిన కాగితాలవి. ప్రతి దాని మీదా ఆవిడ గుండ్రటి అక్షరాల్లో "ఏం లేదు" ఉంది. కొన్నింటి మీద మూడేసి సార్లు ఉంది.

"అక్కా, నా చెవులు జరమొచ్చి పోయినయి," అన్నాడు. ఆ గొంతులో కోపం ఎక్కే దారి లేదు, మాటల్లోనే ఉంది. "ఇవి నువ్వు తీసేసినవి."

సుకుమారి చేతులు తుడుచుకుని కాగితం కోసం వెతికింది. అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"తప్పు నాదే. రికార్డు ఎక్కించిన. తిడితె తిట్టిండు. గని నన్ను తిట్టిన్రని నాకు తెల్వాలె గద? దొంగ అన్న సారు ముంగటికి నవ్వుకుంట పోయిన. నవ్వితె నవ్విన్రని రాయి, ఎందుకో రాయి. తిడితె తిట్టినట్టె రాయి. లేకుంటె రాయకు, నేను ఇంటికాడనే కూసుంట."

ఆవిడ ఏడ్చింది. అతని ముందే ఏడ్చింది. ప్రేమతోనే చేశాను కదా అని గొంతుదాకా వచ్చింది గాని, రాసి చూపించే మాట కాదని ఆవిడకే అనిపించింది.

ఆ సాయంత్రం తిన్నగా నర్సింహమ్మ ఇంటికి పోయింది. ఎప్పటిదో మిలటరీ ఉత్తరం సంగతి, తాను మార్చి చదివిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నర్సింహమ్మ బియ్యం చెరుగుతూ చేట ఆపనైనా ఆపలేదు.

"నాకు తెల్సులే బిడ్డా. నా కొడుకు గంత మంచిగ పుట్టిన కాడికెళ్లి మాట్లాడలే. పిల్లను సతాయించుడు తప్పనిపించింది, ఊకున్న. గని అసలుకు ఏం రాసిండో తెల్సుకుందామని శానా తిప్పలైంది. గా ఉత్తరం ఇప్పటికి సందుగలనే ఉన్నది. సదవరాదాయె."

సుకుమారికి సిగ్గేసింది. ఇన్నేళ్లు వీధంతా తనను మెచ్చుకుందనుకుంది. వీధి తనను భరించిందన్న సంగతి ఇప్పుడు తెలిసింది.

మర్నాడు భీమశంకరం గారి దగ్గరికి పోయి, మీరన్న మాట నేనే సరిగ్గా రాయలేదని ఒప్పుకుంది. ఆయనకు కోపం వచ్చింది. కోపం వచ్చినా మనిషి మంచివాడు. పది రోజుల గడువిచ్చాడు. ఆ పది రోజులూ లింగం ఒక్కడే ల్యాబులో నిలబడి పన్నెండు ప్రయోగాలూ చేశాడు. సుకుమారి సాయం చెయ్యలేదు. అడిగిన సీసా అందించింది, అంతే.

అప్పటినుంచి ఆవిడ కాగితాలు చూడాలి! "సారు తుమ్మిండు." "వెంకటేశం కోడి లెక్క కూసిండు, సారు ఇనలే." "సారు బెంజీన్ గురించి చెప్పుకుంట వాళ్ల బావమరిది మీదికి పోయిండు, మల్ల ఎప్పుడొస్తడో." "అందరు నవ్వుతున్నరు, ఎందుకో నాకు గూడ తెల్వది." ఇంతకాలం అచ్చు పుస్తకంలా రాసిన మనిషి రాతలోకి ఆవిడ నోటి మాట వచ్చేసింది. జనవరిలో ఒకనాడు భీమశంకరం గారు సబ్బు తయారీ మీద వాళ్లావిడతో జరిగిన గొడవ చెప్పాడు. క్లాసు గొల్లుమంది. వాళ్లతోబాటే, వాళ్లంత గట్టిగా, లింగం కూడా నవ్వాడు. సారు పాఠం ఆపి ఆ బెంచీ వైపు చూశాడు. ఆ తర్వాత ఆయన బోర్డు వైపు తిరిగి మాట్లాడడం చాలావరకు మానేశాడు.

డెబ్బయి ఆరు ఏప్రిల్‌లో ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. పటాన్‌చెరులో కొత్తగా పెట్టిన మందుల ఫ్యాక్టరీలో ఒక మేనేజరు, లింగం బీఎస్సీ పాసైతే తమ ల్యాబులో పని ఇస్తామని మొగులయ్యకు మాటిచ్చాడు. పాసవ్వాలంటే వైవా గట్టెక్కాలి. అంటే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు నోటితో అడిగే ప్రశ్నలకు నోటితోనే జవాబు చెప్పాలి. మొగులయ్య తెల్లవారే బస్సెక్కి వచ్చి కాలేజీ మెట్ల మీద కూర్చున్నాడు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఎగ్జామినరు వయసు మళ్లినవాడు, నిక్కచ్చి మనిషి. లింగం పక్కన సుకుమారిని చూడగానే కుదరదన్నాడు. పరీక్షలో రెండో మనిషి ఏమిటన్నాడు. భీమశంకరం గారు ఫ్యాక్టరీ ఉద్యోగం సంగతి కూడా చెప్పి చాలాసేపు వాదించాడు. చివరికి ఎగ్జామినరు ఒక షరతు పెట్టాడు. "నేను అడిగిన ప్రశ్న మాత్రమే రాయాలి. ఒక్క అక్షరం ఎక్కువ రాసినా పరీక్ష రద్దు చేస్తాను. కాగితాలన్నీ నాకివ్వాలి."

సుకుమారి సరేనంది. మొదటి ప్రశ్న టైట్రేషన్ మీద, రెండోది లింగం గుర్తించిన సాల్ట్ మీద, మూడోది హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసుతో లోహాలను విడదీసే గ్రూపుల మీద. ఆవిడ రాసింది, లింగం చదివి ఒకే తీరు గొంతుతో జవాబు చెప్పాడు. ఎగ్జామినరు మొహంలో ఏమీ తెలియలేదు. పెన్ను మూత పెట్టి భీమశంకరం గారి వైపు తిరిగాడు.

"పిల్లవాడు చదివాడండీ, కాదనను. కాని ఫ్యాక్టరీలో పెడతారంటున్నారు. గ్యాస్ లీకై సైరన్ మోగిందనుకోండి. వినపడక వీడు చస్తాడు, పక్కవాళ్లను చంపుతాడు. ఇలాంటివాణ్ణి పాస్ చేస్తే ఆ పాపం నాది కాదూ?"

పెన్సిలు ఆగింది. ఎగ్జామినరు అది గమనించి, "ఇది ప్రశ్న కాదమ్మా. రాయక్కర్లేదు," అన్నాడు.

లింగం ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. సుకుమారి ఎగ్జామినరు వైపు చూసింది. రాస్తే పరీక్ష రద్దు చేస్తానన్నాడు. మూడేళ్ల చదువు, మెట్ల మీద కూర్చున్న తండ్రి, పటాన్‌చెరు ఉద్యోగం, అన్నీ ఒక్క వాక్యంతో పోతాయి. రాయకపోతే ఏమీ పోదు. ఆ ముసలాయన ఇలాగే నాలుగు మాటలని మార్కులు వేసి పోతాడేమో. "ఏం లేదు" అని రెండు మాటలు రాస్తే చాలు. లింగానికి ఎప్పటికీ తెలియదు. ఆవిడ చేతికి ఆ రెండు మాటలూ ఎంత బాగా అలవాటో!

రాసేసింది. చస్తాడన్నదీ, చంపుతాడన్నదీ, పాపమన్నదీ అన్నీ రాసింది. "ఇది ప్రశ్న కాదమ్మా, రాయక్కర్లేదు" అన్నది కూడా రాసి కాగితం ఎడమవైపుకు జరిపింది. ఎగ్జామినరు కుర్చీలోంచి లేచాడు.

లింగం చదివాడు. మళ్లీ ఒకసారి చదివాడు. అతని మెడ నరాలు బిగుసుకోవడం సుకుమారి చూసింది. కాని నోరు విప్పినప్పుడు మాట తొణకలేదు.

"సార్, హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువుంటెనే వాసనొస్తది. ఎక్కువైతె ముక్కు మొద్దుబారతది, వాసన తెల్వది. అప్పుడు సైరన్ కొట్టెటోనికే తెల్వది సార్, ఇగ మోగేదెక్కడిది? అందుకే లెడ్ ఎసిటేట్ కాగితం పెట్టాలె. నల్లగైతె గ్యాసున్నట్టు. చెవులున్నోళ్లు సైరన్ ఉన్నది గద అని కాగితం సూడరు. నాకు సైరన్ లేదు. నేను సూస్తనే ఉంట."

ఎగ్జామినరు నిలబడే ఉన్నాడు. తర్వాత మెల్లగా కూర్చుని, పెన్ను మూత తీశాడు.

"ఆ కాగితం ఎందుకు నల్లబడుతుంది? సమీకరణం చెప్పమను," అన్నాడు. సుకుమారి వైపు చూసి, "రాయమ్మా, ఇది ప్రశ్నే," అన్నాడు.

లింగం పాసయ్యాడా అని ఎదురుచూడక్కర్లేదు. సెకండ్ క్లాసులో పాసై, ఆ ఆగస్టులో పటాన్‌చెరు ఫ్యాక్టరీ ల్యాబులో చేరాడు. ఆ పై ఏడాది సుకుమారి బెంచీకి సదాశివపేట నుంచి మరో చెవిటి పిల్లవాడు వచ్చాడు, ఆ తర్వాత ఒక ఆడపిల్ల వచ్చింది. కాని ఆ రోజు పరీక్ష అక్కడితో అయిపోలేదు.

లింగం బయటికి వెళ్లాక ఎగ్జామినరు కాగితాలన్నీ తీసుకుని ఒక్కొక్కటే చదివాడు. ఆ నాలుగో కాగితం దగ్గర చాలాసేపు ఆగాడు. తన మాటలు గుండ్రటి అక్షరాల్లో చూసుకోవడం ఆయనకు బాగున్నట్టు లేదు. చివరికి మడిచి కవరులో పెట్టి, మార్కుల కాగితం మీద అంకె వేసి, భీమశంకరం గారితో మెల్లగా అన్నాడు. "బాగా చెప్పాడండీ. మార్కులు మంచివే వేశాను. కాని మాటవరసకి చెప్తున్నాను, నా ఫ్యాక్టరీ అయితే మాత్రం పెట్టుకోను."

సుకుమారి సీసాలు సర్దుతూ ఆ మాట విన్నది.

బయట మెట్ల మీద మొగులయ్య, లింగం లేచి నిలబడి ఉన్నారు. సుకుమారి మొహం చూసే మొగులయ్యకు సంగతి అర్థమై, రెండు చేతులూ జోడించాడు. ఆవిడ మెట్టు మీద కూర్చుంది. మంచి మార్కులు వేశాడని రాసింది. లింగం కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడ ఆపెయ్యొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. పిల్లవాడు ఇంతకాలానికి సంతోషంగా ఉన్నాడు, ఈసారి నిజంగానే ఉన్నాడు. సుకుమారి పెన్సిలు మళ్లీ కాగితానికి ఆనించి మిగిలిన వాక్యం కూడా రాసింది. కాగితం అతని ముందుకు జరిపింది.

లింగం చదివాడు. భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఫ్యాక్టరీ ఆయనది కాదు గద అక్కా," అన్నాడు.